పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్: ‘ప్లే’ ఎక్కడుందో చేత్తో పట్టి చూడటం ఎలా

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. బండి షెడ్డులోకి రాగానే ఇంజిన్ స్టార్ట్ చేసేవారు కాదు. ముందు జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపేవారు, స్టీరింగ్ అటూ ఇటూ కదిపేవారు. “ప్లే ఎంతుందో తెలిస్తే బండి ఎంత నలిగిందో తెలుస్తుంది” అనేవారు. ఇప్పుడు నేను డాలస్ దగ్గర ఉంటున్నాను. నా దగ్గర 1969లో తయారైన రూగర్ బ్లాక్‌హాక్ రివాల్వర్ ఉంది, .357 మాగ్నమ్ తూటాలది. పక్కింటి పెద్దాయన దగ్గర 1960ల నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ ఉంది, .45. ఆయన చేతులు వణుకుతాయి కాబట్టి దాన్ని శుభ్రం చేసే పని నాది. రెండూ సింగిల్ యాక్షన్‌లే, అంటే ప్రతిసారీ కాల్చే ముందు హ్యామర్‌ను (తూటా వెనక కొట్టే సుత్తిని) బొటనవేలితో లాగాలి. ఈ రెండింటినీ చూసేటప్పుడు నేను చేసేది నాన్న చేసిన పనే: ఎక్కడ వదులుందో చేత్తో పట్టుకోవడం.

పాత రివాల్వర్ కొనేవాళ్లు మొదట అడిగేది “ఎన్ని రౌండ్లు కాల్చారు?” అని. ఆ లెక్క అమ్మేవాడికే సరిగ్గా తెలియదు. పైగా దానితో పెద్దగా పని లేదు. తక్కువ ప్రెషర్ తూటాలతో వేల రౌండ్లు కాల్చినా బిగువుగా ఉన్నవి చూశాను. ఏడాదికి రెండుసార్లే బయటికి తీసినా, బలమైన లోడ్లు (మందు ఘాటుగా నింపిన తూటాలు) వేసి, హ్యామర్‌ను విసురుగా లాగి పాడుచేసినవీ చూశాను. ఒక భాగంలో కాస్త వదులు వస్తే ప్రతి పేలుడుకీ ఆ వదులులో ఇనుము ఇనుమును కొడుతుంది. ఆ దెబ్బకు వదులు ఇంకాస్త పెరుగుతుంది. దాన్ని తొలిదశలో పట్టుకుంటే మనవడి దాకా పనిచేస్తుంది.

మొదలుపెట్టే ముందు అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఒక మాట. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. స్నేహితుడు చెప్పాడని కొనేయకండి, లాయర్‌ని అడగండి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను.

ముందు ఖాళీ చేయాలి

తూటాలు వేరే గదిలో ఉండాలి. ఇది నా ఇంట్లో మారని నియమం. పాత పద్ధతి రివాల్వర్‌లో హ్యామర్‌ను బొటనవేలితో రెండు క్లిక్కుల దాకా లాగితే హాఫ్ కాక్ (సగం లాగిన స్థితి) వస్తుంది. అక్కడ తూటాలుండే సిలిండర్ స్వేచ్ఛగా తిరుగుతుంది. కుడివైపు లోడింగ్ గేట్ తెరిచి, ఒక్కో ఛాంబర్ (తూటా కూర్చునే గది) తిప్పుతూ ఆరూ చూడండి. చూశాక వేలు పెట్టి తడిమి మళ్లీ చూడండి. బ్యారెల్ గోడవైపు, అదీ అవతల మనుషులు లేని గోడవైపే ఉండాలి.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. 1973కి ముందు తయారైన రూగర్లలో, పాత కోల్ట్‌లన్నిటిలో, హ్యామర్ కిందికి దించి ఉన్నప్పుడు దాని కింద తూటా ఉంటే ప్రమాదం. రివాల్వర్ జారి హ్యామర్ మీద పడితే పేలవచ్చు. హ్యామర్ మీద ఉండే సేఫ్టీ గాడి చాలా సన్నది, గట్టి దెబ్బకు విరిగిపోతుంది, దాన్ని నమ్ముకోకూడదు. అందుకే ఆరు ఛాంబర్లున్నా ఐదే నింపాలి. ఒకటి నింపి, ఒకటి వదిలి, వరసగా నాలుగు నింపి, హ్యామర్ పూర్తిగా లాగి మెల్లగా దించితే ఖాళీ ఛాంబర్ హ్యామర్ కిందికి వస్తుంది. రూగర్ 1973లో ట్రాన్స్‌ఫర్ బార్‌తో (ట్రిగ్గర్ నొక్కినప్పుడే హ్యామర్ దెబ్బను తూటాకి చేర్చే పట్టీ) న్యూ మోడల్ తెచ్చి ఈ సమస్య తీర్చింది. పాతవాటికి కూడా కంపెనీ ఉచితంగా ఆ మార్పు చేసి, తీసిన పాత భాగాలు తిరిగి ఇచ్చేస్తుంది. ఆ భాగాలు పారేయకండి. కలెక్టర్లు వాటికోసమే ఎక్కువ ధర ఇస్తారు.

రూగర్ ఫ్రేమ్ పక్కన మూడు స్క్రూలు కనిపిస్తే అది పాత మోడల్. వాడుకలో ‘త్రీ స్క్రూ’ అంటారు. రెండు పిన్నులు కనిపిస్తే న్యూ మోడల్.

ముందుకీ వెనక్కీ కదలిక

సిలిండర్ ఒక ఇరుసు మీద తిరుగుతుంది. దాన్ని బేస్ పిన్ అంటారు. హ్యామర్ దించి, సిలిండర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ముందుకీ వెనక్కీ నెట్టండి. చక్రం బేరింగ్‌లో ప్లే చూసినట్టే. ‘టక్ టక్’ అని స్పష్టంగా వినిపిస్తే అనుమానించాలి. కానీ చేతికి అనిపించేది కొలత కాదు. కొలతకు ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నని రేకుల కట్ట) కావాలి.

నేను వాడేది నాన్నదే. లారీల టాపెట్ గ్యాప్ సెట్ చేసిన గేజ్. రేకులు నల్లబడ్డాయి, అంచుల్లో అంకెలు సగం చెరిగాయి, చివర పిన్ను చుట్టూ ఆయన గోరింటాకు రంగు గ్రీజు ఇంకా ఉంది. అంగుళంలో వెయ్యో వంతును షెడ్డులో ‘థౌ’ అనేవారు, నేనూ అలాగే రాస్తాను.

ముందు సిలిండర్ ముఖం, బ్యారెల్ వెనక అంచు ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేయండి. మసి మీద కొలిస్తే కొలత తప్పు వస్తుంది. సిలిండర్‌ను వెనక్కి నెట్టి పట్టుకుని, బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందులోకి రేకు దూర్చండి. నా బ్లాక్‌హాక్‌లో 6 థౌ రేకు నునుపుగా జారింది, 7 దూరలేదు. తర్వాత సిలిండర్‌ను ముందుకు నెట్టి కొలిచాను. 4 వెన్నలో కత్తిలా వెళ్లింది, 5 అంచు దగ్గరే ఆగిపోయింది. అంటే ముందుకీ వెనక్కీ ప్లే 2 థౌ. మంచి స్థితి. వెనక్కి నెట్టి కొలిచిన సందు 4 నుంచి 6 థౌ మధ్య ఉంటే చాలా బాగున్నట్టు, 8 దాకా పర్వాలేదు. 10 దాటితే, లేదా రెండు కొలతల తేడా 4 థౌకి చేరితే, గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవారికి) చూపించకుండా కాల్చకండి. మరీ తక్కువ సందు కూడా మంచిది కాదు. 2 థౌ ఉంటే త్వరగానే మసి పట్టి సిలిండర్ బిగుసుకుపోవచ్చు.

ఈ ప్లే ఎందుకు ముఖ్యమో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. తూటా పేలినప్పుడు ఖాళీ షెల్ వెనక్కి తన్నుతుంది, బుల్లెట్ ముందుకెళ్తూ సిలిండర్‌ను ఈడుస్తుంది. మధ్యలో సిలిండర్ ఆ 2 థౌ మేర కొట్టుకుంటుంది. 2 థౌ ఉంటే అది చిటికెన వేలి తట్టు. 6 థౌ ఉంటే అదే బరువు సుత్తిలా ఊపు తీసుకుని కొడుతుంది. సుత్తిని ఎంత ఎత్తు నుంచి దించుతామో దెబ్బ అంత.

పక్కకి కదలిక, నాలుగు క్లిక్కులు

హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగి, సిలిండర్‌ను పక్కలకు మెల్లగా తిప్పడానికి ప్రయత్నించండి. వెంట్రుకవాసి కదలిక ఉంటే కంగారు పడక్కర్లేదు. కింద ఉన్న బోల్ట్ అనే చిన్న నాలుక సిలిండర్ మీది గాడిలోకి ఎక్కి దాన్ని ఆపుతుంది. గాడి అంచులు నలిగాయా అన్నది భూతద్దంతో చూడండి. గాడికి ఒకవైపు అంచు మాత్రమే పైకి పొంగి, మెరిసే గట్టులా తోస్తే, ఎవరో హ్యామర్‌ను విసురుగా లాగడం అలవాటు చేసుకున్నారని అర్థం. తిరుగుతున్న సిలిండర్‌ను బోల్ట్ ఒక్కసారిగా ఆపుతుంటే ఆ అంచే దెబ్బ తినేది. సినిమాల్లోలా అరచేత్తో హ్యామర్‌ను కొట్టి వరసగా కాల్చడం ఈ యంత్రాన్ని చంపే పద్ధతి. అలా ఎవరైనా కాల్చుతుంటే వెళ్లి ఆపమని చెప్తాను.

ఇప్పుడు టైమింగ్, అంటే హ్యామర్ లాగేకొద్దీ భాగాలు సరైన వరసలో కదులుతున్నాయా అన్నది. టీవీ ఆపేసి, నిశ్శబ్దంగా ఉన్నచోట హ్యామర్‌ను చాలా మెల్లగా లాగండి. నాలుగు క్లిక్కులు వినిపించాలి. మొదటిది సేఫ్టీ గాడి, రెండోది హాఫ్ కాక్, మూడోది బోల్ట్ సిలిండర్ మీదికి ఎగరడం, నాలుగోది ఫుల్ కాక్, అంటే హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్లి ఆగడం. పెద్దాయన కోల్ట్ ఈ నాలుగూ వినిపించినప్పుడల్లా “ఇంకా ఉంది, ఇంకా ఉంది” అంటారు, నాకూ ఆనందంగా ఉంటుంది.

మూడో, నాలుగో క్లిక్కుల మధ్యే జబ్బులు ఉంటాయి. ఎడమచేతి వేలు సిలిండర్ మీద తేలిగ్గా ఆనించి మెల్లగా లాగి చూడండి. హ్యామర్ ఫుల్ కాక్‌లో ఆగినా సిలిండర్ ఇంకా తాళం పడకపోతే, సిలిండర్‌ను తిప్పే ‘హ్యాండ్’ అనే పుల్ల అరిగి పొట్టిదైందని అర్థం. ఛాంబర్ బ్యారెల్‌కి సూటిగా లేకుండా పేలుతుంది, బుల్లెట్ అంచు చెక్కుకుని సందులోంచి సీసం ముక్కలు పక్కకి చిమ్ముతాయి. పక్కవాళ్ల ముఖం మీద పడుతుంది. దీనికి పుల్ల మార్పించాలి. ఆరు ఛాంబర్లూ ఇలాగే చూడండి. ఐదు బాగుండి ఒకటి మాత్రమే తాళం పడని రివాల్వర్ నేను చూశాను.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. పెద్దాయన కోల్ట్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, హాఫ్ కాక్‌లో ఛాంబర్లు చూసి, అక్కడి నుంచే ట్రిగ్గర్ నొక్కి హ్యామర్ దించేశాను. అలా దించితే బోల్ట్ గాడిలో కాక సిలిండర్ ఒంటి మీదే ఆగుతుంది. తర్వాత సిలిండర్ తిరిగితే బ్లూయింగ్ (ఇనుము మీది నీలి నలుపు పూత) మీద గీత గీస్తుంది. ఆ రోజు సిలిండర్ చుట్టూ గీత పడింది. పెద్దాయన ఒక్క మాటా అనలేదు, నాకు మాత్రం ఆ గీత కనబడ్డప్పుడల్లా బాధే. హాఫ్ కాక్‌కి వచ్చారంటే పూర్తిగా వెనక్కి లాగి, అప్పుడే దించాలి. ఇంట్లో ఇంకెవరైనా ముట్టుకుంటే వాళ్లకూ ఈ మాట నేర్పండి.

హ్యామర్ జారుతుందా

ఖాళీ రివాల్వర్‌ను ఫుల్ కాక్‌లో పెట్టి, వేలు ట్రిగ్గర్ మీద లేకుండా, బొటనవేలితో హ్యామర్‌ను ముందుకు మధ్యస్థంగా నెట్టండి. జారకూడదు. జారిందంటే ట్రిగ్గర్ కొన గానీ, హ్యామర్ గాడి గానీ అరిగింది, లేదా ఎవరో ఆకురాయితో తేలిక చేశారు. నా మిత్రుడు కొన్న ఒక త్రీ స్క్రూ ఇలాగే ఉంది. ట్రిగ్గర్ చాలా తేలికగా ఉందని ముచ్చటపడి కొన్నాడు, నేను నెట్టేసరికి హ్యామర్ ఠక్కున పడింది. ఇలాంటి భాగాల్లో గట్టితనం పై పొరకే పరిమితం కావచ్చు, అలాంటప్పుడు ఎక్కువ రాకితే కింది మెత్తని ఇనుము బయటపడి, అరుగు వేగంగా సాగుతుంది. అతనికి కొత్త హ్యామర్, ట్రిగ్గర్ వేయించాల్సి వచ్చింది. ఈ పరీక్ష తప్పిన రివాల్వర్‌లో ఆ రోజు ఒక్క తూటా కూడా వేయకండి.

స్ప్రింగుల సంగతి

కోల్ట్ 1873లో వచ్చిన డిజైన్. దాని లోపల ముఖ్యమైన స్ప్రింగులన్నీ రేకు స్ప్రింగులే. లారీ కమాన్ కట్టలు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. కమాన్ పట్టీ ప్రతిసారీ ఒకేచోట వంగుతుంది, ఆ చోట గీత ఉన్నా తుప్పు మచ్చ ఉన్నా అక్కడే విరుగుతుంది. కోల్ట్‌లో ట్రిగ్గర్‌నూ బోల్ట్‌నూ తోసే స్ప్రింగు ఒకటే, రెండు కాళ్లుగా చీలి ఉంటుంది, ఆ కాళ్లలో ఒకటి విరగడమే మామూలుగా వచ్చే జబ్బు. హ్యాండ్ వెనక ఉండే చిన్న రేకు కూడా అంతే.

రూగర్ కంపెనీ పెట్టిన బిల్ రూగర్ 1953లో సింగిల్ సిక్స్ అనే రివాల్వర్ తెచ్చినప్పుడు, 1955లో .357 బ్లాక్‌హాక్ తెచ్చినప్పుడు బయటి రూపం కోల్ట్ లాగే ఉంచి, లోపల రేకులు తీసేసి చుట్ట స్ప్రింగులు పెట్టారు. వంపు ఒకచోట కాకుండా చుట్ట పొడవునా పంచుకుపోతుంది. నా దృష్టిలో పాత రూగర్లు అలసట లేకుండా నిలవడానికి ఇదే పెద్ద కారణం. నా బ్లాక్‌హాక్‌లో స్ప్రింగులు, నాకు తెలిసినంతలో, ఫ్యాక్టరీవే.

కోల్ట్ ఉన్నవాళ్లు ఆ రెండు రేకు స్ప్రింగులు విడిగా కొని డబ్బాలో పెట్టుకోండి. తీగతో చేసిన స్ప్రింగులు కూడా దొరుకుతాయి, కాల్చే రివాల్వర్‌కి అవి మేలు. హ్యామర్ వెనక్కి లాగి ఉంచి రివాల్వర్‌ను దాచకండి.

తూటా ఎంపికే సగం ఆయుష్షు

.45 కోల్ట్ తూటాకు నిర్ణయించిన గరిష్ఠ ప్రెషర్ 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .357 మాగ్నమ్‌కి 35,000. కోల్ట్ సిలిండర్‌లో .45 ఛాంబర్ గోడలు పలుచన, బోల్ట్ గాడి తవ్విన చోట ఇంకా పలుచన. ఎల్మర్ కీత్ అనే పేరుమోసిన షూటర్ 1920లలో కోల్ట్ .45లో బలమైన లోడ్లు వేసి సిలిండర్ పగలగొట్టుకుని, ఆ తర్వాత గోడలు మందంగా ఉండే .44 స్పెషల్ వైపు మళ్లాడు. ఇప్పుడూ దుకాణాల్లో ‘రూగర్‌కి మాత్రమే’ అని రాసిన బలమైన .45 తూటాలు దొరుకుతాయి. అవి కోల్ట్ ఛాంబర్‌లోకి సుఖంగానే దూరుతాయి, అదే భయం. ఇంట్లో రెండు రకాల రివాల్వర్లు ఉంటే రెండు రకాల పెట్టెలూ ఒకే అలమారాలో పెట్టకండి.

కోల్ట్ పొగలేని పౌడర్‌కి హామీ ఇవ్వడం 1900 నుంచి. అంతకు ముందువి పొగవచ్చే పాత నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కోసం చేసినవి. బేస్ పిన్‌ను ఫ్రేమ్ ముందు భాగంలో స్క్రూతో బిగించి ఉంటే అది పాత ఫ్రేమ్ అని గుర్తు. అటువంటిది చేతికి వస్తే చూసి మురిసిపోండి, ఇప్పటి తూటా మాత్రం వేయకండి.

.357 రివాల్వర్‌లో .38 స్పెషల్ వేసుకోవచ్చు. దాని గరిష్ఠ ప్రెషర్ 17,000, మాగ్నమ్‌లో సగమే. నేను కాల్చేవాటిలో పదికి తొమ్మిది ఇవే. కాకపోతే .38 షెల్ పొట్టిది, ఛాంబర్‌లో దాని అంచు దగ్గర మసి వలయంగా పేరుకుంటుంది. దాన్ని బ్రష్‌తో తీయకుండా మాగ్నమ్ వేస్తే షెల్ ఇరుక్కుంటుంది.

తేలికపాటి బుల్లెట్‌తో నింపిన ఘాటైన మాగ్నమ్ లోడ్లు బ్యారెల్ వెనక నోటిని, అంటే ఫోర్సింగ్ కోన్‌ను, త్వరగా తినేస్తాయి. చిన్న లైటు వేసి ఆ అంచు చూడండి. గరుకుదనం ఉంటే సర్దుకోవచ్చు, చీలిక కనిపిస్తే ఆపేయండి. దాని పైన ఫ్రేమ్ పట్టీ కింద వేడి వాయువులు కోసిన సన్నని గీత చూసి చాలామంది హడలిపోతారు. అది మొదట్లో కాస్త పెరిగి ఆగిపోతుంది, దానికి టెన్షన్ పడకండి.

శుభ్రం చేయడం

ప్రతిసారీ లోపలంతా విప్పనక్కర్లేదు. విప్పిన కొద్దీ స్క్రూల తలలు పాడవుతాయి. గేట్ తెరిచి, హాఫ్ కాక్‌లో పెట్టి, బేస్ పిన్ లాచ్ నొక్కి పిన్ లాగితే సిలిండర్ కుడివైపు నుంచి చేతిలోకి వచ్చేస్తుంది. అది తుడిచి, బ్యారెల్ లోపల బ్రష్ ఆడించి, పిన్‌కి కందెన పలుచగా పూసి పెట్టేయడమే. ఆ పిన్ ఎండిపోతే సిలిండర్ లోపలి రంధ్రం అరుగుతుంది, పక్కకి కదలిక అక్కడి నుంచే మొదలవుతుంది. ఇరుసుకి గ్రీజు పెట్టని బండి సంగతి మనకి చెప్పనక్కర్లేదు.

స్క్రూ తీయాల్సి వస్తే గన్‌స్మిత్ బిట్లు కొనండి. మామూలు స్క్రూడ్రైవర్ మొన కొసకి సన్నబడుతుంది, గాడిలో పైనే పట్టి అంచు చెక్కేస్తుంది. గన్‌స్మిత్ బిట్ అంచులు సమాంతరంగా ఉండి గాడి అడుగు దాకా నిండుగా కూర్చుంటాయి. కాల్చి వచ్చాక మూడు స్క్రూలూ వేలితో తడిమి వదులయ్యాయేమో చూడండి. వదులైతే నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క చాలు, ఎరుపుది వద్దు.

తోలు హోల్‌స్టర్‌లో నెలల తరబడి ఉంచకండి. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, తోలు శుద్ధిలో వాడిన లవణాలు బ్లూయింగ్‌ను తింటాయి. ఇక్కడ టెక్సాస్ వేసవిలో గ్యారేజీలో వదిలేసినవాటి మీద వేలిముద్రల ఆకారంలోనే తుప్పు లేచింది చూశాను. తుడిచి, నూనె గుడ్డ రాసి, సిలికా జెల్ సంచితో పాటు సేఫ్‌లో పెట్టండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి, సీసం ఉంటుంది. పిల్లలున్న ఇల్లయితే సేఫ్ తాళం సంగతి రెండోసారి చెప్పాల్సిన పని లేదు.

కొలతలన్నీ ఒక నోటుబుక్కులో రాస్తాను. నాన్న షెడ్డులో బండి నంబరు వేసి రాసినట్టే: తేదీ, వెనక్కి నెట్టి ఎంత, ముందుకి నెట్టి ఎంత, కాల్చినవి ఎన్ని. ఒకసారి కొలిచిన అంకె కంటే ఏటా ఆ అంకె కదులుతోందా లేదా అన్నదే చెప్పాల్సింది చెబుతుంది. బ్లాక్‌హాక్ పేజీలో ఆరేళ్లుగా 6, 4 అనే ఉంది. పెద్దాయన కోల్ట్ పేజీలో పోయినేడు 7, 4 ఉండేది, ఈ ఉగాదికి కొలిస్తే 8, 4 వచ్చింది. వచ్చే వారం దాన్ని గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తున్నాను, సిలిండర్ బుషింగ్ (బేస్ పిన్ మీద తిరిగే లోపలి గొట్టం) చూడమని అడగాలి.